అంగుళంన్నర

ఆటోనగర్ మూడో క్రాస్‌లో
జాన్‌సైదా టేపు సాగదీసి
నేల నుంచి బంపర్ దాకా కొలిచాడు.
"పుట్టినప్పటి ఎత్తు కాదు సార్ ఇది.
అంగుళంన్నర ఎక్కువ."

సముద్రాల అవతల ఎవరో
కాగితం మీద గీత గీశారట:
గుద్దితే ఇక్కడే గుద్దాలని.
ఆ గీత అందుకోవడానికి
ఈ పొట్టి బండి మునివేళ్ల మీద లేచింది.
క్రోమ్ పెదవి ఊడబీకించుకుని
నల్ల రబ్బరు మూతి తగిలించుకుంది.
అప్పట్నుంచీ మలుపొస్తే
గడ్డిమోపు బండిలా ఒరుగుతుంది.

"దించెయ్" అన్నాను.
పొట్టి స్ప్రింగులు తెప్పించాను కూడా.
జాన్‌సైదా చేతులు తుడుచుకున్నాడు.
"ఇంటికి కాలవ వంతెన మీదుగానేగా?"

వంతెన దిగగానే
రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్.
ముందు చక్రాలు.
ఊపిరి బిగబట్టాను.
వెనక చక్రాలు.
పొట్ట తగల్లేదు.

స్ప్రింగులు డిక్కీలోనే,
గుడ్డ కూడా విప్పలేదు.