సూదంటురాయి చెప్పనిది

కొంగుముడి విప్పి
గల్లా దగ్గర గాజుపలక మీద పెట్టింది
సగం బోల్టు.

తల ఇంకా మెరుస్తూనే ఉంది.
మెడ దగ్గర మాత్రం
నమిలి పారేసిన తేగలా
పీచుపీచుగా, ఎర్రటి పొడి.

"నీ కొట్లోదే, సావుకారీ.
కిందటి వేట నిషేదంలో మా మావ అట్టుకెళ్లినాడు."

బుడగట్లపాలెం నూకాలు.
తొలి బస్సుకే శ్రీకాకుళం వచ్చి
తట్టెడు కవ్వళ్లు అమ్మి
ఖాళీ తట్ట నా మెట్టు మీద బోర్లించింది.

కళింగపట్నం లైటుహౌసు ఇంకా కనబడతానే ఉందట.
ఇంజను ఒకసారి దగ్గి
అమరం పలక మీంచి పక్కకి ఒరిగిందట.
పెట్రోలు గొట్టం పుటుక్కుమందట.
నలుగురు మగాళ్లు, ఎనిమిది చేతులు,
పట్టుకోడానికి బుడగలే మిగిలాయట.
టార్పాలిన్ తెరచాప కట్టుకుని
మర్నాటి మధ్యాహ్నానికి ఒడ్డు.

"పోన్లే, మనుషులు దక్కారు,
ఆ అప్పే మునిగిపోయింది" అన్నాను.

"అప్పు మునగనేదు సావుకారీ. ఇంజనే మునిగింది.
అప్పు ఒడ్డునే ఉంది.
పదకొండు వాయిదాలు."

గుర్తుంది నాకు.
ఇదే పలక మీద చెయ్యేసి వాళ్లాయన
"స్టీలేనా?" అన్నాడు.
"తెల్లగా ఉంది కదా" అన్నాను.
అబద్ధం కాదు. తెల్లగానే ఉంది.
జింకు పూత.

ఈసారి ఆమె సాక్షిని తెచ్చుకుంది.
జాతరలో పేలిపోయిన స్పీకరు పగలగొట్టి
తీసిన సూదంటురాయి, వలదారంతో కట్టి.
పెట్టెల మీద వేలాడదీసింది.
జింకు పెట్టె మీదికి అది
పిల్ల తల్లి మీదికి దూకినట్టు దూకింది.
మోచేత్తో ఆ పెట్టెని పక్కకి నెట్టేసింది.

తరవాతి రెండింటి మీదా
రాయి ఉలకలేదు పలకలేదు.
రెండూ తెల్లనే. రెండూ స్టీలే.
ధరలోనే రెట్టింపు తేడా.
ఆమె చెయ్యి చవక పెట్టె వైపు వెళ్లింది.

ఊరుకోవచ్చు నేను.
రాయే ఒప్పుకుంది కదా.
ఎవరో తలుపు బందులు అడుగుతున్నారు,
ఫ్యాను తిరుగుతోంది,
పలక మీద సగం బోల్టు
నా వైపే తల పెట్టి పడుంది.

"ఆగు."

రెండు తలలూ వెలుగులోకి తిప్పాను.
"ఇది ఏ టూ. గేటుకి, నీళ్లట్యాంకు మూతకి చాలు.
ఉప్పునీళ్లలో సూదిబెజ్జాలు పడతాయి,
తెలిసేసరికి ఆలస్యం.
ఇది ఏ ఫోర్. ఇంకో లోహమేదో కలుస్తుంది దీన్లో,
పేరు నాకూ నోరు తిరగదు.
కడలికి ఇదీ."

"మరి రాయి రెంటికీ ఒకలాగే ఉందేటి?"

"రాయికి ఇనుమే తెలుసు.
ఉప్పు తెలీదు."

బొటనవేలితో తడిమింది.
గుడారం లాంటి అక్షరం,
పక్కన తిరగేసిన కుర్చీలా నాలుగు.
రెండుసార్లు తడిమింది, కళ్లు మూసుకుని ఒకసారి.

అరంగుళం లావు, ఐదంగుళాల పొడుగు, నాలుగు.
వెడల్పు వాషర్లు. లోపల నైలాన్ ఉంగరమున్న నట్లు.
చెప్పాను: మరకి గ్రీజు రాయి,
నెమ్మదిగా తిప్పమను మీ ఆయన్ని.
స్టీలు మీద స్టీలు, తొందరపెడితే కరుచుకుపోద్ది,
ఆపైన రంపమే దిక్కు.
బెజ్జం చుట్టూ బంక పెట్టమను.
ఫైబరు లోపల చెక్కే ఉంది,
దానికి నీళ్లు తాగడం అలవాటు చెయ్యొద్దు.

వంద తగ్గించాను.
ఆ వంద తిరిగి పలక మీదే పెట్టింది.
"ఇది ఒద్దు. రసీదు రాయి.
ఏ నాలుగని రాయి. కింద నీ సంతకం."

కార్బను పెట్టి రాశాను.
చాన్నాళ్లకి నా చేతిరాత నేనే చదువుకున్నాను.

సగం బోల్టు వదిలేసి వెళ్లింది.
గాజు మీద గోధుమరంగు సున్నా,
కిరసనాయిలుకీ పోలేదు.

సాయంత్రం ఎవరో వచ్చి
తెల్ల బోల్టులు నాలుగు ఇమ్మన్నారు.

దేనికి అని అడిగాను.