పింజ

మూడింటి ఎండ షట్టరు కింది సందులోంచి పాకి
కుట్టి పెట్టిన పరుపు మీద
అడ్డంగా ఒక పట్టీ పరుస్తుంది.
ఆ పట్టీ వెతుక్కుని ఎక్కుతుంది మా పింజ.

కుడి కాలు. ఎడమ కాలు. మళ్లీ కుడి.
వేళ్లు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి.
గోళ్లు బట్టలో దిగబడి చిట్ చిట్‌మని ఊడొస్తాయి.
కండ్లు అరమూతలు పడి
గొంతులో ఎక్కడో చిన్న తిరగలి.

"దానికెవరు నేర్పిచ్చినారే?" అంటుంది జేజి.
"నాకైతే మా నాయన నెత్తిన మొట్టి నేర్పిచ్చినాడు."

దూదేకులోళ్ల ఇంట్లో చేరిన పిల్లి
దూదేకక రాగులు విసురుతుందా అని
ఆదోని బజారంతా నవ్వింది.
మేమూ నవ్వినాం,
గిరిమల్లప్ప కూతురి పెళ్లి పరుపు దాకా.
గులాబీ రంగు సాటిన్ గలీబు.
లెక్కపెట్టినాను: ముప్పై రెండు పోగులు లేచినాయి.

"గోనెసంచిలో కట్టి యార్డు అవతల ఇడిసొస్తా."
అప్పటికే చెప్పులు తొడిగినాడు మౌలాలి.
జేజి వక్క కొరుకుతూ తల ఎత్తలేదు.
"ఇడిసిరా. ఆనెంక నన్నూ ఇడిసిరా.
నేనూ అరవై ఏండ్లు అదే పని చేసినా."

గుర్తుంది.
జిన్నింగు మిల్లులో బేళ్ల సందున
కండ్లు తెరవని ఇంత ముద్ద.
తల్లి ఏమైందో వాచ్‌మన్‌కూ తెలీదు.
గిన్నెలో పాలు పోస్తే ముక్కు ముంచుకుని తుమ్మింది.
దూదిని వత్తి చేసి పాలలో తడిపి
నోటికి పెట్టినాను. చీకింది.
చీకుతూ నా అరచేతిలోని దూదిని
తొక్కింది, కుడి, ఎడమ,
ఎక్కడ తొక్కితే పాలు దిగుతాయో
కడుపులోనే చదువుకుని వచ్చినట్టు.

పిల్లికూనలన్నీ తల్లి పొట్టను అట్లే తొక్కుతాయంట.
దీనికి తల్లి పొట్ట దూదే.
మరి పరుపుల దుకాణంలో
ఎన్ని పొట్టలని వదులుకుంటుంది?

పశువుల ఆసుపత్రిలో డాక్టరు
బర్రెల మధ్యన సంచీతో నన్ను చూసి నవ్వినాడు గానీ
దాని వేలి మీద మెల్లగా వత్తి
గోరును బయటికి రప్పించి చూపించినాడు.
తెల్ల కొన వరకే కత్తిరించాల.
లోపలి గులాబీ గీత ప్రాణం, దాని జోలికి పోకూడదు.
ఇరవై దినాలకొకసారి, తిన్నాక, నిద్రమత్తులో.

గోరు తగులుకున్నప్పుడు వెనక్కి లాగకూడదని మాత్రం
నాకు నేనే నేర్చుకున్నాను.
లాగితే బట్టా చినుగుతుంది, తోలూ చినుగుతుంది.
కాలిని కొంచెం ముందుకే జరిపితే
కొక్కెం దానంతటదే జారుతుంది.
మౌలాలితోనూ నాదిదే పద్ధతి.

జేజికి షుగరు. తొడ మీద గీరుకుంటే
నెల తిరిగినా మానదు.
అందుకే పాత బొంతను నాలుగు మడతలేసి
ఒళ్లో పరుచుకుని పిలుస్తుంది.
పరుపెక్కిన ప్రతిసారీ, అరవకుండా, కొట్టకుండా,
ఎత్తి బొంత మీద దింపుతాం.
మళ్లీ పరుపెక్కుతుంది.
మళ్లీ ఎత్తుతాం.
రెండు నెలలకు బొంత దారి పట్టింది.
పట్టని దినాలు నా కర్మ.

ఏకే విల్లు గోడకెక్కి పదేండ్లు.
నారి తెగితే మళ్లీ కట్టలేదు, మిషను వచ్చింది.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
విసనకర్ర కోసం లేచి ఫోను వెలిగిస్తే
జేజి గాఢనిద్రలో ఉంది, బొంత మీద చేతులు
కదులుతున్నాయి.
కుడి చేయి. ఎడమ చేయి. మళ్లీ కుడి.
పక్కన పింజ
తోక కాళ్లకు చుట్టుకుని
తప్పులు పట్టేదానిలా చూస్తాంది.

గులాబీ పరుపులో ముప్పై ఒక్క పోగులు
సూదితో లోపలికి తోసినాను.
ఒకటి దొరకలేదు.
గిరిమల్లప్ప ఇంకా అడగలేదు.