ఆఖరి బస్సు ఎన్నింటికి

ఫోన్లో ఆయన మర్యాదగానే అడిగాడు:
"ఇంకా ఎన్నాళ్లు కనిగిరిలో? ఏదో ఒక సిటీకి మారండి.
డబ్బు అక్కడుంటుంది, పనిచేసే పిల్లలూ అక్కడే దొరుకుతారు."
నెలాఖరులోగా పేరు చెప్పమన్నాడు
పెళ్లిసంబంధం ఖాయం చేసుకోమన్నట్టు.

సైకిల్ షాపు మీది రెండు గదుల్లో
నేనూ మస్తాన్‌వలీ చార్టు పరిచాం.
నాలుగు మూలలా నీళ్ల సీసాలు బరువు పెట్టాం:
పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు, మర్రిపూడి.
హైదరాబాదు కింద రాశాం: అద్దె ఎక్కువ, పరిచయాలు ఎక్కువ.
బెజవాడ కింద: ఆఫీసర్లు దగ్గర, ఎండ మనదే.
విశాఖ కింద వలీ చాలాసేపు ఏమీ రాయలేదు.
తర్వాత "సముద్రం" అని రాసి
కొట్టేశాడు.

నాకు మాత్రం ఆశ లేదా?
ముప్పై ఆరేళ్లొచ్చాయి.
లిఫ్టున్న ఆఫీసు, రాత్రి ఎనిమిదిదాకా తెరిచుండే లైబ్రరీ,
ఏం పని చేస్తున్నావంటే ఒక్క ముక్కలో అర్థమయ్యే స్నేహితులు.
సేవ అనే మాటకి ఆకలి ఉండదనుకుంటారు జనం.
మూడు నెలలు జీతం ఆగితే తెలుస్తుంది.

మధ్యాహ్నం పెంచలమ్మ వచ్చింది
ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ.
మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి ఇరవై ఏళ్లు.
కొంగు కింద నుంచి సీసా తీసింది:
"కొత్త బోరు పాపా. ఐదొందల అడుగులు.
తియ్యంగ ఉండాయి. చూడు."
గొట్టంలో మందు చుక్కలు వేశాను.
గులాబీ రంగు మెల్లగా తప్పుకుని
పసుపు వచ్చి కూర్చుంది.
ఇంకెక్కడైనా పసుపు శుభం.
ఆమె గొట్టం చూడలేదు, నా మొహం చూసింది.
"బిడ్డలకి పోయొద్దా?"
"వద్దు."
"అట్నే."
సీసా మూత బిగించి, "ఏంది ఆ కాగితం? యాడికన్నా పోతన్నారా?"
వలీ ఊళ్ల పేర్లన్నీ చదివాడు.
ఆమె వంగి చూడలేదు. వంగలేదు.
ఒకటే అడిగింది:
"ఆడ్నించి మన ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి?"

చార్టు మీద ఆ గడి లేదు.
వలీ స్కేలు పెట్టి గీశాడు.
విశాఖకి రైలు, మళ్లీ బస్సు, మళ్లీ ఆటో. గడి చాలలేదు.
ఒంగోలు అసలు మా జాబితాలోనే లేదు.
అడుగున ఇరికించి రాసి, బస్టాండుకి ఫోన్ చేస్తే
ఎవరో టీ చప్పరిస్తూ చెప్పారు:
"తొమ్మిదింపావు. పొదిలి మీదుగా. ఒక్కోసారి తొమ్మిదిన్నర."

"ఒంగోలు" అన్నాను.
"అది సిటీయేనా?" అన్నాడాయన.
"కార్పొరేషన్ అయింది లెండి."

జూన్‌లో వలీ విశాఖ వెళ్లిపోయాడు.
వేరే సంస్థ, మంచి జీతం.
కొట్టేసినంత మాత్రాన సముద్రం పోదు కదా.
బస్సెక్కించి వచ్చాను, ఏమీ అనలేదు.

కర్నూలు రోడ్డులో ఇప్పుడు నాకొక గది.
తొమ్మిదింపావుకి కళ్లు వాటంతటవే గడియారం వైపు పోతాయి.
కొన్ని రోజులు వెళ్లి ఎక్కుతాను.
కొన్ని రోజులు, చెబితే తప్పేముంది, ఎక్కను.
పొద్దున బస్సులో సీసాలొస్తాయి.
"ఏ ఊరివి మేడం, పేరు కూడా రాయలా" అంటాడు కండక్టరు.
మూతకి చుట్టిన పేలిక చూసి చెబుతాను.
పెంచలమ్మ చీర అంచు.