నడిమి పూత

ఉమ్ దలాల్ పంపిన పెట్టె
షువైక్ వర్క్‌షాప్ గుమ్మంలో దిగింది.
ఇత్తడి మేకుల టేకు పెట్టె,
వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటిది.
డ్రైవరు చెప్పింది ఒకటే:
"గురువారానికి మెరవాలి."

ఎవరో కొత్త వార్నిష్ కొట్టి చూశారు.
పట్టలేదు.
పూత నిండా చేపకళ్ళు లేచి
రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాయి.
ఏళ్ళ తరబడి, ప్రతి శుక్రవారం,
స్ప్రే డబ్బాతో ప్రేమగా తుడిచిన మెరుపు
సిలికాన్‌గా టేకు నరాల్లోకి దిగిపోయింది.
అప్పుడు మెరిపించిందే
ఇప్పుడు మెరుపుని ఒల్లనంటోంది.

తొందరపడను.
ఒకసారి పడ్డాను.
ఆరని ఎనామెల్ మీద లాకర్ కొడితే
టేబుల్ మొత్తం పాలమీద మీగడలా ముడుచుకుంది,
నా జీతంలో ఇరవై దీనార్లు దాంతోపాటే.

అందుకే ముందు, కోడు లోపలివైపు,
ఎవరూ చూడని చోట,
దూదిముక్కతో అడుగుతాను: నువ్వెవరు?
స్పిరిట్‌కి జిగటపడితే లక్క.
థిన్నర్‌కి కరిగితే లాకర్.
రెండిటికీ చలించకపోతే
అది కర్రనెక్కి కూర్చున్న ప్లాస్టిక్,
దాంతో మాటల్లేవు, ఉప్పుకాగితమే.

స్పిరిట్ కూడా ఇక్కడ ఊరికే దొరకదు.
కొట్టువాడు ముందు నా ముఖం చూస్తాడు,
తర్వాత చేతులు.
గోళ్ళకింద మరక చూశాకే సీసా తీస్తాడు.

కోడు జిగటపడింది.
ఉస్తా షెహాతా వంగి వాసన చూశాడు.
దుమ్యాత్ వాడు,
పూత వయసు ముక్కుతో చెబుతాడు.
"గొమలకా," అన్నాడు.
ఆ మాట తోక పట్టుకున్నాను:
లక్క!
వరాహ ఒడ్డున, గిరగిరా తిరిగే అంకుడు కర్రకి
మా అమ్మ లక్క కడ్డీ ఆనిస్తే
రాపిడి వేడికే కరిగి రంగై అతుక్కునేది.
పైన మొగలిరేకుతో ఒక్క రుద్దు.

రాత్రంతా పెంకులు స్పిరిట్‌లో నానాయి.
మైనం అడుగుకి పోయింది,
పైతేట వంచుకున్నాను.
పాత జిడ్డుకీ కొత్త పూతకీ నడుమ
రెండుసార్లు లక్క వేస్తే చాలు.
కిందిది దాన్నే పట్టుకుంటుంది,
పైదీ దాన్నే పట్టుకుంటుంది,
ఒకదాన్నొకటి అవి తాకనే తాకవు.

హసావీలో మా గది గుర్తొచ్చింది.
తవిటినాయుడికీ ఓబులేసుకీ
చీటీ డబ్బు దగ్గర చెడి ఏడాది.
"ఉప్పు కావాలేమో అడుగు," అని ఒకడు పెంచలయ్యతో,
"చాలని చెప్పు," అని ఇంకొకడూ పెంచలయ్యతోనే.
కూర మాత్రం ఒకటే గిన్నెలో ఉడుకుతుంది.

లక్కకి ఒక లోపముంది.
వేడి చాయ్ గ్లాసు పెట్టామా,
తెల్లగా మచ్చ లేస్తుంది.
అందుకే దాన్ని పైన ఉంచరు.
మొన్న రాత్రి మెట్లమీద పెంచలయ్య
చల్లారిపోయిన చాయ్ పట్టుకుని
ఒక్కడే కూర్చున్నాడు.
నేను డ్యూటీ బట్టలు ఆరేసుకుని
దాటుకుని పైకెళ్ళిపోయాను.

గురువారం పెట్టె మెరిసింది.
ఉమ్ దలాల్ ఆ మెరుపు వైపు చూడనేలేదు.
మూత ఎత్తి, తల లోపల పెట్టి
గాలి పీల్చింది.
లోపలివైపు ముట్టొద్దని షెహాతా ముందే అన్నాడు.
ఆమె చాలాసేపు తల పైకెత్తలేదు.
మేమిద్దరం రోడ్డువైపు తిరిగి నిలబడ్డాం.

పెట్టెని బండిలోకి ఎత్తుతుంటే
కోడు లోపల
నా దూది మరక ఒకటి కనిపించింది.
తుడవలేదు.