ఒకటికి ఎనభై ఏడు

దొండపర్తి మేడగదిలో
అరచేతిలో పట్టే రైళ్ళు చేస్తాను.
బెహరా మాస్టారు భూతద్దంతో వస్తారు.
రివెట్టొకటి తగ్గిందా, పెట్టె తిరుగుటపాలో వాపసు.
డిసిల్వా గారికి పొగ కావాలి,
డీజిలంటే మొహం చిట్లిస్తారు.
కిరండూల్ గూడ్సడిగిన కుర్రాడు
వ్యాగన్లు మరీ శుభ్రంగా ఉన్నాయని అలిగాడు.
ఇటుకపొడి అద్దాను, తుడిచాను, మళ్ళీ అద్దాను.
ఆ ఎరుపు ఓ పట్టాన దొరకదు.

గేటు డ్యూటీ చేసి రిటైరైన అప్పలకొండ
నిన్న మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని అంది:
"రైలొద్దు బావూ. గేటొక్కటే సెయ్యి.
ముప్పయ్యేళ్ళు మూస్తానే ఉన్నాను.
ఇది ఎత్తీసే ఉండాల."

ఎత్తి అతికించాను.
సముద్రం మీది తడిగాలికి జిగురు ఆరలేదు;
రాత్రి రెండుసార్లు దానికదే వాలిపోయింది.
మూడోసారి వేలితో పట్టుకుని కూర్చున్నాను,
కింద రోడ్డు మీద
ఆఖరి బస్సు దాటేదాకా.