వంతెన దాటితే

తుంగభద్ర వంతెన దాటితే
బండ్ల మీద నంబర్లు మారతాయి.
"ఇదీ అంతే" అన్నాడు మద్దిలేటి సారు,
సమానం గుర్తులోని రెండు గీతల్నీ
సుద్దముక్కతో ఇంకోసారి దిద్ది,
"ఇటు కలిపింది అటు పోతే తీసివేత."

రాసుకున్నాను. నమ్మలేదు.
మా చిన్నమ్మ అవతలి గట్టునే ఉంది.
దాటినంత మాత్రాన
మాకు తక్కువైపోయిందా?

రాత్రి ఉల్లిగడ్డల మార్కెట్ నుంచి నాయన వచ్చినాడు.
చదువు రాదు. కాటా వచ్చు.
నా నోటుబుక్కులో ఎక్స్ మీద వేలు పెట్టి
"ఇదేంది, మూట మూతికి ఏసిన కుట్టు మాదిరి?"
"తెలియంది నాయనా. బరువు తెలియంది."
"అదే మల్ల, కుట్టేసిన మూట."

గోడకానుకొని మొదలుపెట్టినాడు:
"మూడు మూటలు, సరిసమానం.
పైన ఆరు కిలోల విడిగడ్డలు.
ముల్లు నూటా యాభై ఆరు కాడ నిలబడె.
మూటెంత?"

నేను పెన్సిలు కొరుకుతున్నా.

"ముందు విడివి దించు పాపా.
ఈడ ఆరు దించితే
ఆడ ముల్లు ఆరు ఎనక్కి వచ్చాదా, రాదా?"

దించినాను. నూటా యాభై.
మూడు పాళ్లు. యాభై.
ఏదీ ఏ వంతెనా దాటలేదు,
రెండు పక్కలా ఒకే బరువు దిగింది, అంతే.
చిన్నమ్మ చిన్నమ్మలాగే ఉంది.

దీపం ఆర్పబోతుంటే
చీకట్లోంచి అడిగినాడు:
"యాబై తూగిన మూటకి
మండీ సావుకారి నలబై ఎనిమిదే రాస్తాడు.
ఆ రెండు
ఏ పక్కకు పోయినట్టు?"

పుస్తకం చివర
జవాబుల పేజీ తిప్పి చూసినాను.