అర లీటరు

మా నాన్నకి రోజుకి అర లీటరు.
గాజు గ్లాసు మీద అమ్మ
గోళ్ల రంగుతో ఒక గీత పెట్టింది.
మందుబిళ్లకి రెండు గుక్కలు,
మధ్యాహ్నం నాలుక తడికి ఒకటి,
మిగతాది రాత్రికి దాచుకుంటాడు
ఎన్నికల ముందు డబ్బు దాచినట్టు.

కవిటి చుట్టూ ఎవర్నడిగినా చూపిస్తారు
బోర్ల లోకనాథం ఇల్లు.
సమితి ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లో
అరవై మూడు బోర్లు తవ్వించాడు.
ప్రతి పంపుకీ మొదటి బిందె తనే కొట్టేవాడు,
పంచె మోకాళ్ల దాకా తడిసేది.
ఆ తడి అంచు పట్టుకుని నడిచిన పిల్లని నేను.

ఇప్పుడంతా ఆ నీళ్లనే అనుమానిస్తున్నారు.
నీళ్లేనా అంటే డాక్టర్లు తేల్చలేదు.
పొలం మందులంటాడొకడు, ఎండంటాడొకడు,
సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లిన వాళ్లు మళ్లీ రాలేదు.
నాన్న మాత్రం పాత డైరీ తీసి
ఊరి పేరు పక్కన, అడుగుల లోతు పక్కన
పోయినవాళ్ల పేర్లు రాస్తున్నాడు, పెన్సిలుతో.
పెన్సిలెందుకు నాన్నా అంటే
"తేల్తే సెరిపీడానికే" అన్నాడు.

సోంపేటలో మంగళవారం, శుక్రవారం
తెల్లారి అయిదుకి, మూడో కుర్చీ.
ఎడమ చేతి మీద చెవి పెడితే
లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు.
"కరెంటొచ్చిందే" అని నవ్వుతాడు.
నాలుగు గంటల్లో నూట ఇరవై లీటర్లు
మిషనే తాగేస్తుంది.

పక్క కుర్చీ మడ్డు ఢిల్లేశ్వరరావుది.
తొంభై అయిదులో మా మీద నిలబడి
పదకొండు ఓట్లతో పోయినవాడు,
ఆ పదకొండూ ఇంకా లెక్కెడుతూనే ఉంటాడు.
వణుకొస్తే నర్సు ఇద్దరికీ
ఒకే రంగు దుప్పటి కప్పుతుంది.

జనం పనసపండు తెస్తారు, కొబ్బరిబొండాలు తెస్తారు,
తినకూడదని తెలిసే తెస్తారు.
ఒట్టి చేతుల్తో ప్రెసిడెంటు ఇంటికి ఎలా వస్తారు!

ఇప్పుడు జెడ్పీటీసీని నేను.
ఆ పొద్దుటి కుర్చీ నాన్నకి ఊరికే రాలేదు.
ఒక ఫోను చేశాను. ఒక్కటే.
ఎవరి పేరు కిందికి జరిగిందో అడగలేదు.

నిన్న అరుగెక్కి వచ్చింది చింతామణి.
జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లు,
మోచేతి మీద దూది పట్టీ.
"అమ్మా, ముందల తెల్లారగట్ట సిప్టే నాది.
ఏటైనాదో, రాత్రికి మార్సీసినారు.
పదకొండింటికి బస్సు నేదు.
ఒక ఉత్తరం ముక్క రాయండమ్మా."

లెటర్‌హెడ్డు తీశాను,
పైన నా పేరు, నా పేరు వెనక ఆయన ఇంటిపేరు.
"ఈమె నాకు వ్యక్తిగతంగా తెలుసు" అని
ఎన్ని వందలసార్లు రాశానో ఆ మాట.
తెలుసు దగ్గర పెన్ను ఆగింది.

లోపల్నుంచి నాన్న:
"ఎవులే అది? ఎండనపడి వొచ్చినట్టుంది,
నీల్లియ్యి ముందు."

చింతామణి చెంబు అందుకుంది.
రెండు గుక్కలు తాగింది.
మూడోది మింగకుండా
చాలాసేపు నోట్లోనే ఉంచుకుని
చెంబు జాగ్రత్తగా కింద పెట్టింది,
ఒలికితే ఎవరికో లెక్క చెప్పాలన్నట్టు.

ఆ ఫోను నంబరు
నాకు కంఠతా వచ్చు.